14–9: రెండో జట్టుకు అసలు సిసలు సీజన్ ఎందుకు కావాలి

రగ్బీ యూనియన్‌లో 9 అనే స్కోరుకు ఒకటే అర్థం. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, దానికి 5 పాయింట్లు, దాని తర్వాత గోల్‌పోస్టుల మీదుగా తన్నే కన్వర్షన్‌కు 2, ఎదుటివాళ్ల తప్పుకు దక్కే పెనాల్టీ కిక్‌కు 3, ఆట నడుస్తుండగా బంతిని నేలకు తాకించి పోస్టుల మీదుగా తన్నే డ్రాప్ గోల్‌కు 3. వీటిని ఎటు తిప్పి కూడినా 9 రావాలంటే మూడు మూళ్లు తొమ్మిది తప్ప వేరే దారి లేదు. అంటే 9 దగ్గర ఆగిపోయిన జట్టు 80 నిమిషాల్లో ఒక్కసారి కూడా అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనించలేకపోయిందన్నమాట. 2011 మే నెలలో దక్షిణాఫ్రికాలోని పోచెఫ్‌స్ట్రూమ్‌లో, ఓలెన్ పార్క్ మైదానంలో జరిగిన వోడాకామ్ కప్ ఫైనల్లో అక్కడి బ్లూ బుల్స్ జట్టుకు దక్కింది ఆ 9. గెలిచిన జట్టుకు 14. ఆ గెలిచింది దక్షిణాఫ్రికా జట్టు కాదు, అట్లాంటిక్ దాటి వచ్చిన అర్జెంటీనా రెండో జట్టు. పేరు పంపాస్ ఫిఫ్టీన్.

తేడా ఐదే పాయింట్లు. ఇలాంటి ఆధిక్యంలో ఉన్న జట్టు పరిస్థితి ఒక్కసారి ఊహించండి. ఎదుటివాళ్లు ఒక్క ట్రై చేస్తే 14–14. కన్వర్షన్ కూడా పడితే 16–14, కప్పు పోయినట్టే. రగ్బీలో 80 నిమిషాలు నిండగానే ఆట ముగిసిపోదు, బంతి ఆటలోంచి బయటికి పోయేదాకా సాగుతూనే ఉంటుంది. ఆ చివరి నిమిషాల్లో రక్‌లో, అంటే నేల మీది బంతి కోసం రెండు జట్లూ తోసుకునే గుంపులో, ఒకడు చెయ్యి పెట్టకూడని చోట పెట్టినా, ఒకడు అరడుగు ముందుకు జరిగి ఆఫ్‌సైడ్ అయినా పెనాల్టీ వస్తుంది. ఎదుటి జట్టు బంతిని మూలకు తన్ని, గీతకు ఐదు మీటర్ల దూరంలో లైనౌట్ తీసుకుంటుంది, అంటే పక్కగీత దగ్గరి నుంచి బంతిని రెండు వరసల మధ్యకు విసిరి ఆట మొదలుపెడుతుంది. అలసిపోయిన కాళ్లతో, తప్పు చేయకుండా, ట్యాకిల్ మీద ట్యాకిల్ వేస్తూ నిలబడాలి. దీన్ని జిమ్‌లో నేర్పలేరు, శిక్షణ శిబిరంలోనూ నేర్పలేరు.

ఈ వ్యాసంలో నా వాదన ఇదే. డెవలప్‌మెంట్ జట్టు అనగానే చాలా బోర్డులు స్నేహపూర్వక మ్యాచులు, పదిహేను రోజుల పర్యటన, అందరికీ సమానంగా ఆడే అవకాశం అని ఆలోచిస్తాయి. “ఫలితం ముఖ్యం కాదు, అనుభవం ముఖ్యం” అంటాయి. ఫలితం లెక్కలోకి రాని చోట వచ్చే అనుభవం వేరు, అది పెద్ద మ్యాచుకు పనికిరాదు. రెండో జట్టుకు కావలసింది పాయింట్ల పట్టిక, వారం వారం మ్యాచు, ఎదురుగా తమకంటే ముదురు మనుషులు. ఈ మూడూ ఒకే సీజన్‌లో ఎలా కుదురుతాయో చూపడానికి 2011 వోడాకామ్ కప్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు.

ముందు ఆ పోటీ సంగతి. వోడాకామ్ కప్ 1998లో మొదలై 2015 దాకా నడిచింది. ఫిబ్రవరి నుంచి మే వరకు, దక్షిణార్ధగోళ దేశాల పెద్ద ఫ్రాంచైజీ పోటీ అయిన సూపర్ రగ్బీ జరిగే నెలల్లోనే దీన్ని పెట్టేవారు. దక్షిణాఫ్రికాలో అప్పుడు 14 ప్రాంతీయ యూనియన్లు ఉండేవి. పెద్ద యూనియన్లలోని మేటి ఆటగాళ్లంతా సూపర్ రగ్బీ ఫ్రాంచైజీలతో వెళ్లిపోతే, మిగిలినవాళ్లతో ఈ కప్పు ఆడేవారు. ఆ మిగిలినవాళ్లు ఎవరనేదే ఇక్కడ కీలకం. అకాడమీ నుంచి అప్పుడే వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, గాయం నుంచి కోలుకుంటూ ఆట అందుకోవడానికి వచ్చిన సీనియర్లు, ఫ్రాంచైజీలో చోటు దక్కని ముప్పై ఏళ్ల ప్రాప్‌లు (ముందువరసలో తోసే బరువైన ఆటగాళ్లు), అంతా ఒకే జట్టులో. చిన్న యూనియన్లకైతే ఇది రెండో జట్టు పోటీయే కాదు, తమ పూర్తి బలంతో ఆడే పోటీ. అందువల్ల ఒక శనివారం చురుకైన కుర్రాళ్ల జట్టు తగిలితే, మరో శనివారం బరువైన, ఓపికగల, అన్ని చిట్కాలూ తెలిసిన పాత కాపుల జట్టు తగిలేది. వయసుల వారీగా నడిచే అండర్-20, అండర్-21 పోటీల్లో ఇది దొరకదు. అక్కడ ఎదుటివాడికీ నీకు తెలిసినంతే తెలుసు.

ఈ పోటీలో 2010లో బయటి దేశాల జట్లు కూడా ఆడాయి. ఒకటి పొరుగున ఉన్న నమీబియా వెల్విచియాస్. రెండోది పంపాస్ ఫిఫ్టీన్.

అర్జెంటీనా ఇంత దూరం ఎందుకొచ్చింది? 2007 ప్రపంచకప్‌లో ఆ దేశం మూడో స్థానంలో నిలిచింది. ప్రారంభ మ్యాచ్‌లో ఆతిథ్య ఫ్రాన్స్‌ను 17–12తో, కాంస్య పతక పోరులో మళ్లీ ఫ్రాన్స్‌నే 34–10తో ఓడించింది. కానీ ఆ జట్టులో ఎక్కువమంది యూరప్ క్లబ్బుల్లో జీతానికి ఆడేవాళ్లు. స్వదేశంలో క్లబ్బులన్నీ అమెచ్యూర్‌వే. పెద్ద జట్లతో ఏటేటా ఆడే అంతర్జాతీయ పోటీ ఒక్కటీ లేదు. 2009లో ట్రై నేషన్స్ దేశాలు అర్జెంటీనాను తమతో చేర్చుకోవడానికి ఒప్పుకున్నాయి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలతో కలిసి రగ్బీ చాంపియన్‌షిప్ ఆడాల్సిన ఏడాది 2012. మధ్యలో ఉన్న గడువు కొద్దిగానే. ఆ గడువులో స్వదేశంలో ఉన్న కుర్రాళ్లను పైస్థాయికి తేవాలి. అంతర్జాతీయ రగ్బీ బోర్డు డబ్బుసాయంతో 2009లోనే హై పెర్ఫార్మెన్స్ పథకం మొదలైంది. బ్యూనోస్ ఐరిస్, రొసారియో, కార్డొబా, టుకుమాన్, మెండోజాల్లో శిక్షణ కేంద్రాలు పెట్టారు. ఆ కేంద్రాల్లో కండలు పెంచారు, పరుగు పెంచారు. మరి మ్యాచులు ఎక్కడ? అమెచ్యూర్ క్లబ్బు మ్యాచులతో ఆ ఖాళీ నిండదు. అందుకే జట్టును దక్షిణాఫ్రికా పంపి, పోచెఫ్‌స్ట్రూమ్‌ను స్థావరం చేసుకుని, అక్కడి లీగ్‌లో ఆడించారు.

అర్జెంటీనా రగ్బీకి దక్షిణాఫ్రికాతో చుట్టరికం పాతదే. 1965 పర్యటనకు ముందు దక్షిణాఫ్రికా కోచ్ ఇజాక్ వాన్ హీర్డెన్ వచ్చి వాళ్లకు శిక్షణలో సాయపడ్డాడు. ఆ పర్యటనలోనే జొహానెస్‌బర్గ్ ఎల్లిస్ పార్క్‌లో జూనియర్ స్ప్రింగ్‌బాక్స్‌ను 11–6తో ఓడించారు. చొక్కా మీది చిహ్నంలో ఉన్నది జాగ్వార్ అయితే, అక్కడి పత్రికలవాళ్లు దాన్ని ప్యూమా అనుకుని అలాగే రాశారు. ఆ పేరే ఖాయమైపోయింది. ఇప్పటికీ అర్జెంటీనా జట్టు పేరు పూమాస్. ఆ దేశపు రగ్బీకి పేరు తెచ్చిన మొదటి పెద్ద గెలుపు వచ్చింది కూడా ఇంకో దేశపు డెవలప్‌మెంట్ జట్టు మీదేనని గుర్తుంచుకోవాలి. (వోడాకామ్ కప్‌లో పూమాస్ అనే పేరుతో ఇంకో జట్టు ఉంది, ఎంపుమలాంగా ప్రాంతానిది. 2015లో చివరి కప్పు గెలిచింది వాళ్లే. పాత స్కోర్లు వెతికేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తుంటారు.)

ఇక పట్టిక సంగతి. గెలుపుకు 4 పాయింట్లు, డ్రాకు 2. నాలుగు ట్రైలు చేస్తే ఒక బోనస్. 7 లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడినా ఒక బోనస్. చూడ్డానికి చిన్న లెక్కే గానీ, మైదానంలో ఇది ఇరవై రెండేళ్ల ఫ్లైహాఫ్‌ను, అంటే ఆటను నడిపించే ఆటగాణ్ని, ఎలా తీర్చిదిద్దుతుందో దగ్గరగా చూద్దాం.

76వ నిమిషం. మీ జట్టు 10 పాయింట్లు వెనకబడి ఉంది. గోల్‌పోస్టుల ఎదురుగా, 25 మీటర్ల దూరంలో పెనాల్టీ దొరికింది. పోస్టుల మీదుగా తన్నితే 3 వస్తాయి, తేడా 7కు తగ్గుతుంది, ఓడినా ఒక పాయింట్ చేతికొచ్చినట్టే. పైగా స్కోరు ఇచ్చిన జట్టే తిరిగి ఆట మొదలుపెడుతూ మీవైపు తన్నాలి కాబట్టి, ఆ బంతిని పట్టుకోగలిగితే మళ్లీ దాడికి దిగొచ్చు. కన్వర్షన్‌తో కూడిన ట్రై పడితే డ్రా, రెండు పాయింట్లు. ఇంకో దారి, బంతిని మూలకు తన్ని ఐదు మీటర్ల లైనౌట్ తీసుకుని ట్రై కోసం పోవడం. అదీ, దాని కన్వర్షన్ కూడా పడితే తేడా మూడే, గెలిచే అవకాశం ఇంకా ఉంటుంది. పడకపోతే, మధ్యలో బంతి జారితే, సున్నా. అటు చూస్తే ఎదుటి జట్టు ఇప్పటికే మూడు ట్రైలు చేసి నాలుగో దాని కోసం చూస్తోంది. బంతి వాళ్ల చేతికి పోతే తమ గీత దగ్గరి నుంచైనా పరుగు తీస్తారు. కిక్‌కు ఇచ్చిన గడువును లెక్కించే షాట్ క్లాక్ నడుస్తోంది. కెప్టెన్ మొహం చూస్తున్నాడు. హుకర్ లైనౌట్‌లో విసిరిన గత రెండు బంతులూ వంకరగా పడ్డాయి.

స్నేహపూర్వక మ్యాచులో ఈ ప్రశ్నే తలెత్తదు. అందరూ మూలకే తన్నమంటారు, ఎందుకంటే పోయేదేమీ లేదు. లీగ్‌లో ఆ ఒక్క పాయింట్‌తో క్వార్టర్‌ఫైనల్ చోటు తేలవచ్చు, లేదా సొంత మైదానంలో ఆడే హక్కు తేలవచ్చు. ఈ నిర్ణయాన్ని సీజన్‌కు ఐదారుసార్లు తీసుకున్న ఫ్లైహాఫ్‌కూ, ఒక్కసారీ తీసుకోని ఫ్లైహాఫ్‌కూ తేడా పెద్ద మ్యాచ్‌లో కనిపిస్తుంది. అందుకే, కోచింగ్ ఎంత ఇచ్చినా పట్టిక లేకపోతే ఆ భాగం ఖాళీగానే మిగులుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికంటే లోతైన కారణం ఇంకొకటి ఉంది. స్క్రమ్. అంటే ఆట తిరిగి మొదలుపెట్టడానికి రెండు జట్ల ఫార్వర్డ్‌లు ఎనిమిదేసి మంది భుజాలు కలిపి ఎదురెదురుగా తోసుకోవడం.

స్క్రమ్‌లో ముందువరసలో ముగ్గురు. ఎడమవైపు లూజ్‌హెడ్ ప్రాప్, నడుమ హుకర్, కుడివైపు టైట్‌హెడ్ ప్రాప్. లూజ్‌హెడ్‌కు ఒక పక్క ఖాళీ ఉంటుంది, గాలి ఆడుతుంది. టైట్‌హెడ్ తల మాత్రం ఎదుటి లూజ్‌హెడ్‌కూ హుకర్‌కూ మధ్య ఇరుక్కుపోతుంది. రెండు వైపుల బరువూ అతనే మోయాలి. వృత్తిపరమైన స్థాయిలో ఒక్కో వైపు ఎనిమిది మంది కలిస్తే దాదాపు 900 కిలోలు. 2011లో రెఫరీ పిలుపు “క్రౌచ్, టచ్, పాజ్, ఎంగేజ్” అని ఉండేది. అంటే దూరం నుంచి రెండు గుంపులు ఒక్కసారిగా ఢీకొట్టుకునేవి. 2013 నుంచి “క్రౌచ్, బైండ్, సెట్” అయింది. ముందే ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నాకే తోపులాట. ఢీకొట్టే ధాటి తగ్గింది గానీ, తర్వాత నిలబడి తోసే సమయం పెరిగింది.

కొత్త టైట్‌హెడ్ ఎక్కడ దెబ్బతింటాడు? నడుము భుజాల కంటే పైకి లేస్తుంది. పాదాలు మరీ వెనక్కి పెడతాడు, మోకాళ్లు బిగుసుకుపోయి తోసే బలం మిగలదు. వెన్ను సమంగా ఉండక గుండ్రమవుతుంది. ఎదుటి లూజ్‌హెడ్ అనుభవజ్ఞుడైతే నేరుగా తోయడు. కొంచెం కిందికి, కొంచెం లోపలికి, రెఫరీ అవతలి పక్కన ఉన్నప్పుడు ఒక కోణం, ఇటు వచ్చినప్పుడు మరో కోణం. కుర్రాడు కుప్పకూలతాడు. రెఫరీ చెయ్యి లేస్తుంది, పెనాల్టీ. మూడు పాయింట్లు, లేదా మూలన లైనౌట్. ఇలా పదే పదే జరిగితే పసుపు కార్డు రావచ్చు, పది నిమిషాలు బయట.

సాధనకు వాడే స్క్రమ్ మిషన్ నేరుగా ఎదురు నిలుస్తుంది, మనిషి వంకరగా తోస్తాడు. ఆ వంకరలు ఎన్ని రకాలో తెలియాలంటే వారానికొక కొత్త మనిషి ఎదురుపడాలి. అర్జెంటీనాకు స్క్రమ్ సంప్రదాయం గట్టిది. ఎనిమిది మందీ ఒకే ఊపిరిలో కిందికి దిగి కలిసి తోసే పద్ధతిని వాళ్లు బహాదా అంటారు, దానికి ప్రపంచమంతా పేరుంది. ఆ పద్ధతి తెలిసిన కుర్రాళ్లను తీసుకెళ్లి, బరువైన దక్షిణాఫ్రికా ప్రాప్‌ల ముందు వరసగా శనివారాలు నిలబెట్టడమే ఆ సీజన్‌లో నాకు అన్నిటికంటే విలువైన భాగం.

జట్టును కట్టే లెక్క కూడా ఇక్కడినుంచే మొదలవ్వాలి. ఇప్పటి నిబంధనల ప్రకారం మ్యాచుకు 23 మంది. 15 మంది మైదానంలో, 8 మంది బెంచీ మీద. ఆ ఎనిమిదిలో ముందువరసకు శిక్షణ పొందినవాళ్లు ముగ్గురు. అంటే మ్యాచుకు ఆరుగురు ముందువరసవాళ్లు. గాయాలు లెక్కలోకి తీసుకుంటే తొమ్మిది మంది లేకుండా పది వారాల సీజన్‌కు బయల్దేరకూడదు. ముగ్గురు టైట్‌హెడ్‌లు, ముగ్గురు లూజ్‌హెడ్‌లు, ముగ్గురు హుకర్లు. నేనైతే మొత్తం 36 మందితో ఇలా కడతాను: ముందువరస 9, లాక్‌లు 5, ఫ్లాంకర్లూ నంబర్ ఎయిట్‌లూ కలిపి 7, స్క్రమ్‌హాఫ్‌లు 3, ఫ్లైహాఫ్‌లు 3, సెంటర్లు 4, వింగర్లూ ఫుల్‌బ్యాక్‌లూ 5. టైట్‌హెడ్‌లు తక్కువై ఇద్దరికీ దెబ్బ తగిలితే తోపులాట లేని స్క్రమ్‌లు ఆడించాల్సి వస్తుంది. ఆ రోజు ఇక మిగతా ముందువరసవాళ్లు నేర్చుకునేదీ లేదు, వాళ్ల బలాబలాలు తెలిసేదీ లేదు.

అందరికీ సమాన సమయం ఇచ్చే పద్ధతికి నేను వ్యతిరేకం. ప్రాప్‌కు పది వారాల్లో ఆరు మ్యాచులైనా మొదటి నిమిషం నుంచి ఆడే అవకాశం రావాలి. రెండు వారాలకోసారి ఇరవై నిమిషాలు ఆడితే మెడ గట్టిపడదు, తప్పు దిద్దుకునే వీలూ ఉండదు. శనివారం చేసిన తప్పు ఆదివారం వీడియోలో కనిపించాలి. సోమవారం దాని మీద నడక వేగంతో పని జరగాలి. మంగళవారం అసలైన బరువుతో స్క్రమ్‌లు, బుధవారం విశ్రాంతి, గురువారం లైనౌట్ పిలుపులు, తన్నిన బంతి వెంట పరుగులు. శుక్రవారం కెప్టెన్ నడిపించే తేలికపాటి సాధన. మళ్లీ శనివారం అదే కుర్రాడు, వేరే ప్రత్యర్థి. ఈ చక్రం తిరగడమే శిక్షణ. తలకు దెబ్బ తగిలినవాడు దశలవారీగా తిరిగి రావాలి కాబట్టి వచ్చే శనివారానికి అతను లేడనే అనుకుని ముందే వేరొకరిని సిద్ధం చేసుకోవాలి. 36 అనే అంకె వెనక ఉన్నది ఇదే.

ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. బ్యూనోస్ ఐరిస్ దాదాపు సముద్రమట్టంలో ఉంటుంది. పోచెఫ్‌స్ట్రూమ్ 1,350 మీటర్ల ఎత్తు, జొహానెస్‌బర్గ్ 1,750 చుట్టుపక్కల. గాలి పలచన. మొదటి రెండు వారాలు ఊపిరి అందదు, వరసగా నాలుగైదు రక్‌లు అయ్యేసరికి ఫార్వర్డ్‌లు నడుం మీద చేతులేసుకుంటారు. తన్నిన బంతి మామూలు కంటే దూరం పోతుంది. ఫుల్‌బ్యాక్ అలవాటైన చోట నిలబడితే తల మీదుగా దాటిపోతుంది, కొన్ని మీటర్లు వెనక నిలబడటం అలవాటు చేసుకోవాలి. అది అలవాటయ్యాక కేప్‌టౌన్‌లాంటి తీరప్రాంతానికి వెళితే అదే కిక్ ముందే పడిపోతుంది. 2012 నుంచి ఏటా ఈ నేల మీద టెస్టులు ఆడాల్సిన దేశానికి ఇంతకంటే మంచి తయారీ ఏముంటుంది! పోచెఫ్‌స్ట్రూమ్‌ను ఎంచుకోవడం మంచి ఆలోచన. విశ్వవిద్యాలయ పట్టణం, మైదానాలు, జిమ్, వసతి ఒకే చోట. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన స్పెయిన్ జట్టు బస చేసిందీ అక్కడే.

భాష మరో చిక్కు. రెఫరీ ఇంగ్లిష్‌లో మాట్లాడతాడు. “చేతులు తియ్”, “వెనక్కి జరుగు” అని ఒక హెచ్చరిక చేస్తాడు, అర్థం కాకపోతే మరుక్షణం పెనాల్టీ. కెప్టెన్‌కు ఒక్కడికి ఇంగ్లిష్ వస్తే చాలదు, రక్‌లో ముందుండే ఫ్లాంకర్లకూ, ముందువరస ముగ్గురికీ ఆ పదీ పన్నెండు మాటలు చెవిన పడగానే తెలియాలి. లైనౌట్ పిలుపులు స్పానిష్‌లో ఉండటం మాత్రం లాభమే. అవతలివాళ్లు ఆఫ్రికాన్స్‌లో పిలుస్తారు కాబట్టి ఆ లాభం ఇద్దరికీ సమానం.

ఇప్పుడు ఇలాంటి పోటీలు ఎక్కడ బెడిసికొడతాయో చూద్దాం. 2009–10లో బ్రిటిష్ అండ్ ఐరిష్ కప్ మొదలైంది. 24 జట్లు. ఇంగ్లండ్ రెండో శ్రేణి క్లబ్బులు, వేల్స్, స్కాట్లాండ్ క్లబ్బులు, ఐర్లాండ్ ప్రావిన్సుల ఎ జట్లు, అంటే రెండో జట్లు. మొదటి ఏడాది కార్నిష్ పైరేట్స్ ఫైనల్లో మన్‌స్టర్ ఎ జట్టును 23–14తో ఓడించింది. ఆలోచన మంచిదే. కానీ ఇంగ్లిష్ క్లబ్బులకు అసలు పోటీ వేరే ఉంది, వాళ్ల లీగ్. కప్పు మ్యాచులు క్యాలెండర్‌లో ఖాళీ దొరికిన చోటల్లా ఇరికించినవి. వరసగా వారం వారం ఆడే చక్రం లేనప్పుడు, పైన చెప్పిన ఆదివారం వీడియో, మంగళవారం స్క్రమ్ అనే క్రమమే నిలవదు. 2015–16లో అసలు జరగనే లేదు, 2018తో ముగిసిపోయింది. తర్వాత ఐర్లాండ్, వేల్స్ కలిసి ఎనిమిది జట్లతో కెల్టిక్ కప్ పెట్టాయి. ఆలోచన సరైనదే, సీజన్ మొదట్లో వరసగా మ్యాచులు. అది రెండు సీజన్లే నడిచింది, 2018లో, 2019లో.

అన్నిటికంటే పెద్ద జబ్బు శుక్రవారం జబ్బు. పెద్ద జట్టులో ఒకరికి దెబ్బ తగులుతుంది, శుక్రవారం సాయంత్రం రెండో జట్టు నుంచి ఫ్లైహాఫ్‌ను పైకి లాక్కుంటారు. అతను పైన బెంచీ మీద కూర్చుని ఐదు నిమిషాలు ఆడతాడు, కింద జట్టు వారమంతా సాధన చేసిన పథకం గాలికిపోతుంది. రెండువైపులా నష్టమే. పంపాస్ ఫిఫ్టీన్‌కు ఈ బెడద లేకపోవడానికి కారణం దూరం. పెద్ద జట్టు వేరే ఖండంలో ఉంది, ఆ నెలల్లో పూమాస్‌కు టెస్టులూ లేవు. సముద్రం అడ్డుండటం ఆ జట్టుకు కలిసొచ్చింది.

ఎదురు వాదన కూడా న్యాయంగా చెప్పుకోవాలి. పంపాస్ అంటే ఒక దేశం మొత్తంలోంచి ఏరి తెచ్చిన జట్టు. ఎదుట ఉన్నవి ప్రావిన్సుల మిగులు జట్లు. ఇది సమానుల పోరు కాదని ఎవరైనా అంటే కాదనను. అయినా ఫైనల్లో ఎదురైన బ్లూ బుల్స్ ముందటేడు ఇదే కప్పు గెలిచిన యూనియన్. దాని ఫ్రాంచైజీ 2007, 2009, 2010ల్లో సూపర్ రగ్బీ విజేత. ఆ యూనియన్ రెండో వరస కూడా చాలా దేశాల మొదటి జట్టుకు తక్కువేం కాదు. ఆ జట్టును 80 నిమిషాల పాటు ట్రై లేకుండా ఆపడం చిన్న విషయం కాదు. డబ్బు విషయంలో మాత్రం ఎదురు వాదనే గెలుస్తుంది. 36 మందిని, కోచ్‌లను, ఫిజియోలను నెలల తరబడి వేరే ఖండంలో పోషించడం అంతర్జాతీయ బోర్డు సాయం లేకపోతే అర్జెంటీనాకు కూడా కష్టమయ్యేది.

ఒక్క సీజన్ ఆడి వదిలేస్తే ఫలితం రాదని కూడా చెప్పాలి. పంపాస్ 2010లో వచ్చి కప్పు గెలవకుండానే తిరిగి వెళ్లింది, మళ్లీ వచ్చాకే గెలిచింది. 2014లో కెన్యా జట్టు ఇదే వోడాకామ్ కప్‌లో ఆడింది, ఆ ఒక్క ఏడాదితో సరి. ఇల్లు అలకగానే పండగ కాదు. మొదటి ఏడాది ఎత్తుకూ, రెఫరీల తీరుకూ, ప్రయాణాలకూ అలవాటుపడటంలోనే పోతుంది.

2011 జట్టు కోచ్ డానియెల్ ఉర్కాడే. 2013లో అతనే పూమాస్ కోచ్ అయ్యాడు. 2014లో మెండోజాలో ఆస్ట్రేలియాను 21–17తో ఓడించి రగ్బీ చాంపియన్‌షిప్‌లో తొలి గెలుపు, 2015లో డర్బన్‌లో దక్షిణాఫ్రికాపై 37–25 గెలుపు, అదే ఏడాది ప్రపంచకప్ సెమీఫైనల్, అన్నీ అతని కాలంలోనే. డర్బన్‌లో మూడు ట్రైలు చేసిన హువాన్ ఇమ్హోఫ్, 2020లో న్యూజిలాండ్‌ను తొలిసారి ఓడించిన 25–15 మ్యాచ్‌లో 25 పాయింట్లూ తానే సాధించిన నికొలాస్ సాంచెజ్, ఇద్దరూ పంపాస్ చొక్కా వేసుకుని ఎదిగినవాళ్లే. యూరప్ క్లబ్బుల్లో వాళ్లు తర్వాత నేర్చుకున్నదీ తక్కువ కాదు. ఒక్క లీగ్‌కే మొత్తం ఘనత కట్టబెట్టను. కానీ ఆ లీగ్ లేకుండా 2012 నాటికి అంతమంది సిద్ధమయ్యేవాళ్లు కాదన్నది నా అభిప్రాయం.

వాళ్లు అక్కడే ఆగిపోలేదు కూడా. 2014, 2015ల్లో పంపాస్‌ను పసిఫిక్ రగ్బీ కప్‌కు మార్చి ఆ రెండుసార్లూ గెలిచారు. 2016లో హగ్వారెస్ పేరుతో సూపర్ రగ్బీలోకి వెళ్లి 2019లో ఫైనల్ ఆడారు. అదే ఏడాది వాళ్ల రెండో జట్టు దక్షిణాఫ్రికా కర్రీ కప్ ఫస్ట్ డివిజన్‌లో ఆడి గెలిచింది. కరోనాతో 2020లో హగ్వారెస్ కథ ముగిసింది. ఇప్పుడు పంపాస్, డోగోస్ లాంటి జట్లు సూపర్ రగ్బీ అమెరికాస్‌లో ఆడుతున్నాయి.

మన సంగతికి వస్తే, క్రికెట్‌లో ఈ పాఠం మనకు తెలియనిది కాదు. రంజీలో హైదరాబాద్ అడుగుకు జారి 2023–24లో ప్లేట్ గ్రూపులో ఆడాల్సి వచ్చింది, దాన్ని గెలిచి పైకి తిరిగొచ్చింది. పట్టికలో కిందికి పడే భయం లేకపోతే ఆ సీజన్‌కు అంత పట్టు ఉండేది కాదు. రగ్బీలో 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది, ఆరు ఫ్రాంచైజీల్లో హైదరాబాద్ హీరోస్ ఒకటి. సంతోషించాల్సిన విషయమే. కానీ అది సెవెన్స్. జట్టుకు ఏడుగురు, స్క్రమ్‌లో ముగ్గురు. అందులో వింగర్లు తయారవుతారు, టైట్‌హెడ్ తయారవడు. పదిహేను మంది ఆటలో భారత్ ఎదగాలంటే వేరే దారి వెతకాలి. ఆ దారి నాకు శ్రీలంకలో కనిపిస్తోంది. క్యాండీ, హావ్‌లాక్, నేవీ, పోలీస్ లాంటి జట్లతో అక్కడ క్లబ్ లీగ్ నడుస్తుంది. పాఠశాల రగ్బీకి జనం నిండే దేశం. చెన్నై నుంచి విమానంలో గంటన్నర లోపే కొలంబో. వాళ్లు ఒప్పుకుంటే, భారత రెండో జట్టును ఆ లీగ్‌లో మూడేళ్ల పాటు ఆడించాలి.

మొదటి ఏడాది పట్టికలో అడుగునే ఉంటారు. చూడాల్సినవి వేరే లెక్కలు. మన స్క్రమ్‌లో మ్యాచుకు ఎన్ని పెనాల్టీలు ఇచ్చాం, మన లైనౌట్ బంతి పదింటికి ఎన్ని మనకే దక్కాయి, చివరి ఇరవై నిమిషాల్లో ఎన్ని పాయింట్లు ఇచ్చాం, ఏడు లోపు తేడాతో ఓడినవి ఎన్ని. రెండో ఏడాది ఇవి మెరుగుపడకపోతే ఆటగాళ్లను కాదు, వారం నడిపే తీరును మార్చాలి. అన్నిటికంటే ముందు దేశం మొత్తం వెతికి 110 కిలోల పైబడిన, మెడ గట్టి, ఓపికున్న టైట్‌హెడ్‌లను ముగ్గురిని పట్టుకోవాలి. వాళ్లు దొరికేదాకా విమానం టికెట్లు కొనకూడదు.